రోజుకు నలభై మంది

చనిపోయిన భార్య నడిపిన కుట్టుపాఠాల వెబ్‌సైటును కొత్త సర్వర్‌కు మార్చడానికి ఆయన మేనల్లుణ్ణి పిలిచాడు.

"ఇంకా తెమల్లేదా?"

"మూడుసార్లు మొరాయించి ఇప్పుడే లేచింది మావయ్యా. నలభై పాఠాలూ వచ్చేశాయి."

"మరి చూసేవాళ్లు రోజుకి నలభై మంది ఉండాలిగా? ఒకటే చూపిస్తోందేం? మనుషుల్ని దారిలో పారేశావా? వాళ్ల కోసమేగా దీన్ని మూయనివ్వలేదు!"

"పాతది పేజీ తెరిచినప్పుడల్లా లెక్కేసేది. ఇది ఆ పాత రికార్డునే తీసుకుని, ఒక మనిషిని రోజుకి ఒక్కసారే లెక్కేస్తుంది."

"అయితే?"

"రోజూ నలభై పాఠాలూ తెరిచేది మీరొక్కరే మావయ్యా."

ఆయన తెర మీది ఒకటిని వేలితో తుడిచి చూశాడు.

"పోనీ, పాత లెక్కే పెట్టెయ్యనా?"

"వద్దు. మీ అత్త బతికుండగా నేనొక్క పాఠమూ చూడలేదు. ఆ ఒకటి ఉండనీ."