నెల దాకా తుడువొద్దు

సూరత్ బమ్రోలిలో ఒంటిగది ఇంటి ముందు, కొత్తగా నల్లరంగు వేసిన బైకు దగ్గర తల్లి గుడ్డతో నిలబడి ఉంది. కొడుకు లోపలి నుంచి ఉరికి వచ్చాడు.

"అమ్మా, ఏం జేస్తున్నవే? నెల దాకా గుడ్డ తాకియ్యొద్దని రంగేసిన దోస్తు చెప్పిండు!"

"కొత్త రంగుకు పూజ చెయ్యద్దా? పసుపు, కుంకుమ పెట్టిన. మరకైతే, మీ నాయిన మిల్లు నుంచి తెచ్చిన చిందిగుడ్డతోని తుడిసిన."

"గుడ్డ దేంట్ల ముంచినవ్?"

"నువ్వు చేతుల రంగు కడుక్కున్న సీసాల."

"అది థిన్నరే! రంగంత లేస్తది."

"లేసింది. కింద ఎరుపు కనవడ్డది."

"నీడకు జరుపుత, జరుగు."

"ఎరుపంటే నీకు పానం గదరా. మొదటి జీతంతోని కొన్నవ్. ఎందుకు మార్పిచ్చినవ్?"

"పాతగైందని."

"ఆర్నెల్లకేనా? వీరమల్లు మామ కాలు విరిగి దవాఖాన్ల పన్నడు. మొన్న రాత్రి పాండేసర మిల్లుకు డ్యూటీకి నడుసుకుంట పోతుంటే గుద్దిపోయిన బండి ఎర్రగున్నదంట. గంతే యాదికున్నదంటడు."

"సూరత్‌ల ఎర్రబండ్లు ఎన్ని లేవే?"

"శానున్నయి. తెల్లారేసరికి నల్లగైన బండి మాత్రం గిదొక్కటే."

"మెల్లగనే అమ్మా, నాయిన ఇంటడు."

"మామకు బువ్వ పట్టుకపోవాలె. బండి తియ్యి."

"దీని మీదనా?"

"దీని మీదనే. మామకు ఏం చెప్తవో దారిల సోంచాయించుకో. నీకు నోరు రాకుంటే, గీ గుడ్డ నా చేతులనే ఉంటది. దవాఖాన ముంగటనే ట్యాంకంత తుడుస్త."