వెనక వరుస నుంచి ఒక మాట

శాసనసభ రిపోర్టర్ల గది. నిన్న సభలో ఎవరేం మాట్లాడారో పొల్లుపోకుండా రాసిన మామగారు, ముఖ్యమంత్రి కార్యాలయం నుంచి పరుగున వచ్చిన అల్లుడు.

"ఒక్క లైనే కదా మామయ్యగారూ."

"అల్లుడొచ్చాడనుకుని కాఫీ చెప్పాను. ముఖ్యమంత్రిగారి ఆఫీసొచ్చిందని తెలిస్తే చెప్పేవాణ్ణి కాదు."

"వేళాకోళం కాదండీ. బిల్లుకి సభ సరేనంది. స్పీకరుగారు ఆమోదం అన్నారు. అక్కడితో అయిపోయింది."

"అయిపోలేదు. వెనక వరుసలోంచి ఒక సభ్యురాలు లేచి ఓటింగు పెట్టమంది. ఒక్కరడిగినా తలలు లెక్కపెట్టాలి. పెట్టలేదు."

"ఆ గోలలో ఎవరికి వినబడిందండీ?"

"నాకు వినబడింది. రాశాను."

"ఆ లైనుంటే బిల్లు కోర్టులో నిలవదు. తెలుసుగా?"

"నిలిస్తే ఏమవుతుందో మీకూ తెలుసుగా? ఏడాది పాటు దేనికీ సభని అడగక్కర్లేదు. జీవోలతో బండి లాగించెయ్యొచ్చు."

"ఇప్పుడు మాత్రం సభ ఏం ఉద్ధరిస్తోంది?"

"నేను చేరిన కొత్తలో ఏడాదికి తొంభై రోజులు కూర్చునేది బాబూ. ప్రశ్న పడిందంటే మంత్రులకి ముచ్చెమటలు పోసేవి. ఇప్పుడు పద్దెనిమిది రోజులు. అదీ సంతాప తీర్మానాలతో కలిపి."

"అవన్నీ సరే. సాయంత్రంలోగా ఆ లైను పోకపోతే నన్ను సస్పెండ్ చేస్తారు. మీ అమ్మాయికింకా చెప్పలేదు."

"అమ్మాయిని మధ్యలోకి తేకండి."

"తేవట్లేదండీ. భయమేసి వచ్చాను. ఇదివరకెప్పుడూ ఎవరూ తీయలేదా ఇలా?"

"తీశారు."

"చూశారా. ఎవరు?"

"నేనే."

"మీరా?"

"పదకొండేళ్లయింది. సభ ఏడాదికి ఇన్ని రోజులు కూర్చోవాలన్న నియమం తీసేస్తూ బిల్లు తెచ్చారు. అప్పుడూ ఒకాయన ఓటింగు అడిగాడు. ఆ లైను కొట్టేశాను. తొంభై రోజులు పద్దెనిమిదయ్యింది దానివల్లే. మళ్లీ నా చేత్తో ఆ పని చెయ్యను."

"మరప్పుడెందుకు చేశారు?"

"కాఫీ చల్లారిపోతోంది."

"చెప్పండి. ఎవరికోసమో చేసిన పని సొంత అల్లుడి కోసం చెయ్యరా?"

"మీ కోసమే చేశాను. చెయ్యకపోతే మీ పెళ్లి ఆగిపోతుందన్నారు."

"మా పెళ్లా? ఎవరన్నారు?"

"అప్పుడు మీ సీట్లో ఉన్నాయన."

"అప్పుడు నా సీట్లో ఉన్నది..."

"మీ నాన్నగారే బాబూ. శుభలేఖలు పంచేశాక వచ్చి అడిగారు."