అన్నయ్యకి తిరగేసి కట్టిన గిటార్

నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. ఆ మాట ముందే అనేసరికి టీ కొట్టు బాబాయ్‌కి పొలమారింది.

"ఊపిరి పీల్చుకోనివ్వరా," అన్నాడు దగ్గుతూ. "సరే, మొదలుపెట్టు. ఇవాళేంటి?"

"ఏం లేదు బాబాయ్. ఒక పాత తలుపుతో గిటార్ చేశా, అంతే. కరెంటు గిటార్. వంటింటి బల్ల మీద, ఈ రెండు చేతులతో."

గుడ్డ సంచి విప్పి దాన్ని బెంచీ మీద పడుకోబెట్టాను. మధ్యాహ్నం షిఫ్టు విరామం. ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఉన్న ఆ కొట్టు దగ్గర రోజూ చేరే మనుషులే ఉన్నారు: వడ్రంగి మావయ్య, మోటార్లు చుట్టే అక్క, బెంచీ ఆ చివర మా అన్నయ్య. అన్నయ్య ఎడమచేయి ఎప్పట్లాగే ప్యాంటు జేబులో ఉంది.

ఎనిమిది నెలల కిందట ప్రెస్సు మెషీను ఆ చేతి చివరి రెండు వేళ్లు తీసుకుంది. 'కార్మికుడి అజాగ్రత్త' అని కాగితం మీద రాసి కంపెనీ చేతులు దులుపుకుంది. గేటు దగ్గర ఒక కుర్చీ వేసి అన్నయ్యని అందులో కూర్చోబెట్టింది. అంతకుముందు ఆయన ఏ పెళ్లిలో, ఏ సమ్మెలో గిటార్ పట్టుకున్నా జనం ఇళ్లకి కదిలేవాళ్లు కాదు. ఇప్పుడు గిటార్ పేరెత్తితే ఆయనే లేచి వెళ్లిపోతాడు. మూడు రోజుల కిందట ఈ కొత్తదాన్ని ఆయన మంచం మీద పెడితే, తీసి గోడకి ఆనించి, అటు తిరిగి పడుకున్నాడు. ఇంట్లో కుదరనిది నలుగురిలో కుదురుతుందేమోనని మోసుకొచ్చాను. ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే చాలు నాకు.

"అసలు షాపుల్లో గిటార్లన్నీ ఎవరి కోసం? కుడిచేత్తో మీటేవాళ్ల కోసం. తక్కినవాళ్లు మార్కెట్ లెక్కలో మనుషులే కాదు! వాళ్లు మనుషుల్ని కొలతకి కోస్తారు, మనం కొలతని మనిషికి కోయాలి! అందుకే మొత్తం తిరగేశా. కుడిచేత్తో తీగలు నొక్కాలి, ఎడమచేత్తో మీటాలి. మీటడానికి బొటనవేలూ చూపుడువేలూ ఉంటే చాలు." అన్నయ్య వైపు చూడకుండానే అన్నాను. "ఇంక తలుపు సంగతి. కూలగొడుతున్న ఇంట్లోది..."

"తెచ్చింది నేను," అన్నాడు వడ్రంగి మావయ్య.

"మావయ్యే తెచ్చాడు. ఆ చేతికి దణ్ణం. సాయం చేసినవాళ్లని నాలాగా తలుచుకునేవాడు ఈ వీధిలో ఇంకొకడు లేడు, రాసిపెట్టుకోండి. ఆ తలుపు ఎంత గట్టిదో తెలుసా? రంపం పెడితే పళ్లు రాలిపోయాయి. అలా మూడు రంపాలు. నాలుగోది దూరం నుంచి చూసే వంగిపోయింది. చివరికి పగిలిన గాజుముక్కతో గీకి, గీకి మెడ చెక్కాను. పదకొండు రోజులు. తిండి లేదు, నీళ్లు లేవు."

"గీకింది నా కొట్లోనే కదరా. రెండు మధ్యాహ్నాలు. రెండుసార్లూ నా క్యారేజీ నువ్వే తిన్నావు."

"శ్రమని గడియారంతో కొలిచేది యజమాని, మావయ్యా! నువ్వు కొలవకూడదు."

బాబాయ్ గ్లాసులు నింపుతూ నవ్వాడు. అన్నయ్య తన గ్లాసులోకి చూస్తున్నాడు. ఇంకా లేవలేదు. అది మంచి గుర్తు. జోరు పెంచాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగల కింద అయస్కాంతాలు ఉండాలి, వాటి చుట్టూ రాగి తీగ చుట్టాలి. పైన తీగ వణికితే కింద చుట్టలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటే స్పీకర్లో పాటవుతుంది. రాగి తీగ అక్క ఇచ్చింది. వెంట్రుక కన్నా సన్నం, గట్టిగా చూస్తే తెగిపోతుంది. అక్కా, నీ చేతికీ దణ్ణం. అమ్మ కుట్టుమిషన్‌కి తగిలించి చుట్టాం. ఎన్ని చుట్లు?"

"ఎనిమిది వేలు," అంది అక్క. "లెక్కపెట్టింది నేను."

"ఎనిమిది వేల దగ్గర అక్క నిద్రపోయింది."

"పట్టపగలా?"

"కళ్లు తెరుచుకునే నిద్రపోయావక్కా, నీకు తెలీదు. నేను ఆగలేదు. ఎనభై వేలు! అమ్మ మిషన్ తొక్కుతూనే ఉంది, ఆ పాదాలకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. తీగ అయిపోయింది. అయిపోతే ఏమైందనుకున్నారు? సంగతి తెలిసి వీధిలో ఫ్యాన్లన్నీ తమలో ఉన్న తీగ తామే విప్పుకుని కిటికీల్లోంచి పంపించాయి. సంఘీభావం అంటే అదీ!"

"అందుకేనా మా ఫ్యాను తిరగడంలేదు," అన్నాడు బాబాయ్.

"నీ ఫ్యాను త్యాగజీవి బాబాయ్. సరే, అంతా బిగించి నడిమి తీగని ఇలా తాకానో లేదో, వంటింట్లో చెంచాలన్నీ లేచి నిలబడ్డాయి. పై అంతస్తులో ఇనప బీరువా మెట్లు దిగొచ్చి మా తలుపు కొట్టింది."

"బీరువా?"

"మర్యాద తెలిసిన బీరువా. తీసేదాకా బయటే నిలబడింది. అంతలో గిటార్లోంచి రేడియో వార్తలు!"

"అదొక్కటీ నిజం," అంది అక్క అందరి వైపూ తిరిగి. "వీడు ఎర్త్ తీగ వేయడం మర్చిపోయాడు. బుర్రుమని ఒకటే గోల, మధ్యలో వార్తలు. నేను వెళ్లి తీగ వేశాక నోరు మూసుకుంది."

"వార్తలయ్యాక విమానం నడిపేవాడి గొంతు! దారి తప్పానని ఏడుస్తున్నాడు. ఎడమకి తిప్పరా నాయనా, ఎడమకి తిప్పినవాడు చెడిపోడు అని నేనే దింపాను. రెండొందలమంది నాకు పైనుంచి చేతులూపారు."

మావయ్య బెంచీ చరిచి నవ్వాడు. ఓరకంట చూశాను. అన్నయ్య ఖాళీ గ్లాసు కింద పెట్టి గేటు వైపు చూస్తున్నాడు. లేవబోతున్నాడు. ఇంక ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు, నోటికొచ్చింది చెప్పేశాను.

"అసలు సంగతి నిన్న జరిగింది. గిటార్ పట్టుకుని ఆ గేటు ముందు నిలబడ్డా."

"గేటు దగ్గర కూర్చునేది మీ అన్నయ్యే కదరా?" అన్నాడు బాబాయ్.

"అన్నయ్య నీ దగ్గరికి టీకి వచ్చినప్పుడు! ఆరు తీగలూ కలిపి ఒక్క దెబ్బ వేశా. గేటు ఊడి పడింది. లోపల మెషీన్లన్నీ ఆగిపోయాయి. మేనేజరు బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకాల డైరెక్టర్లు, పన్నెండుమంది, పొడుగు ప్రకారం వరసలో. 'అజాగ్రత్త' అని రాసిన ఆ కాగితాన్ని తలా ఒక ముక్క చింపుకుని నమిలి మింగారు. నేను నీళ్లు కూడా ఇవ్వలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్రెస్సు మెషీను. వేరేది కాదు, ఆ మెషీనే. బోల్టులు పీక్కుని, గచ్చు మీద ఈడ్చుకుంటూ బయటికొచ్చి, అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుంది. 'అన్నా, నా ముందు ఇనప జాలీ బిగించమని నువ్వు మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ నేను విన్నాను. బిగించనిది వీళ్లు. తప్పు నీది కాదు' అంది."

ఎవరూ నవ్వలేదు. బాబాయ్ స్టవ్ మంట తగ్గించాడు.

"మెషీనుకి మోకాళ్లెక్కడివిరా?" అన్నాడు అన్నయ్య.

"ఉన్నాయన్నయ్యా. నువ్వు సరిగ్గా చూడలేదు."

"ఆరేళ్లు నడిపాను దాన్ని." చేయి జేబులోంచి బయటికి వచ్చింది. "ఇటివ్వు."

ఇచ్చాను. బరువు చూశాడు. ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాడు, వంకర ఉందేమోనని. తిరగేసి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతి రెండు వేళ్లతో ఆరు తీగలూ కలిపి మీటాడు.

టపుక్కుమని లావు తీగ చోటు తప్పి పక్కకి ఎగిరింది. సన్న తీగ జిర్రుమని జలుబు చేసినట్టు మోగింది.

అన్నయ్య మెడ చివర వేలు పెట్టి చూశాడు. "తీగలు తిరగేశావు."

"తిరగేశా."

"ఈ ఎముక ముక్క?"

తీగలు కూర్చునే చిన్న ముక్క అది. లావు తీగకి లావు గాడి, సన్న తీగకి సన్న గాడి కోసి ఉంటాయి. ప్రపంచాన్నే తిరగేస్తానన్నవాణ్ని, వేలెడంత ముక్కని పాత పద్ధతిలోనే అతికించాను. లావు తీగ సన్న గాడిలో పట్టక అంచు మీద కూర్చుంది.

"నిన్న ఆరు తీగలూ కలిపి కొట్టానన్నావు," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "ఒక్క దెబ్బకి తీగే ఊడొచ్చింది. మరి గేటు ఎలా ఊడిందిరా?"

మావయ్య పొట్ట పట్టుకున్నాడు. అక్కకి టీ ముక్కులోకి పోయింది. "నిజం చెప్పరా, ఇప్పటిదాకా ఎన్ని తీగలు మీటావు?" అంది తుడుచుకుంటూ.

"నడిమిది ఒక్కటే."

కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. నా పరువు నడివీధిలో పడింది. పడినందుకు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఎందుకంటే అన్నయ్య అప్పటికే తీగలు బిగించే మరలు వదులు చేస్తున్నాడు.

"మావయ్యా, సన్న ఆకురాయి ఉందా?"

మాట పూర్తయ్యేలోపే మావయ్య తన కొట్టుకి రోడ్డు దాటేశాడు. అన్నయ్య కుడిచేతి వేళ్లు గిటార్ మెడ మీది మెట్లని ఒక్కొక్కటే తడుముకుంటున్నాయి, కొత్త ఇంట్లో దీపం స్విచ్చి వెతికినట్టు. ఒక వేలు తప్పు తీగ మీద పడింది. తీసి మళ్లీ పెట్టాడు. షిఫ్టు సైరన్ మోగింది. గేటు దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది.

"గిటార్ పని ఇంత అడ్డదిడ్డంగా నీకు ఎవడు నేర్పాడురా?" అన్నాడు తల ఎత్తకుండా.

"నువ్వే అన్నయ్యా."

ఒక్క క్షణం చేతులాగాయి.

"అయితే ఈ తప్పు మాత్రం నాదే," అని, ఎనిమిది నెలల తర్వాత నవ్వాడు.