షు మేడమ్ మీద సాక్ష్యం

నన్నెందుకు సార్ ఇందులోకి లాగుతారు? నేను డ్రైవర్ని. ల్యాబు బండి తోల్తా, మేడమ్ సూది గుచ్చేటప్పుడు పక్షుల్ని పట్టుకుంటా. అంతే గదా నా పని!

వద్దు సార్, కూర్చోను. నిలబడే చెప్తా.

మీరు మన తెలుగోళ్లు, ఆఫీసులో పెద్దోళ్లు. మీకాడ అబద్ధమెందుకు నరసింహమూర్తి సార్? ఆ పొద్దు షు మేడమ్ తనంతట తాను కల్బా ఊర్లోని ఆ బాతుల తోటకు పోలేదు. మన ల్యాబు పెద్ద, ఆ ముదీరే పొమ్మన్యాడు. ఫోన్ స్పీకర్లో ఉండె. 'యల్లా, పోండి' అన్యాడు, ఈ చెవుల్తో విన్నా. ఇప్పుడేమో తాను పంపలేదంటాడా?

ఆయమ్మ సంగతి మీకు తెలీదు సార్. మీరు ఈ గల్ఫుకొచ్చి ఆర్నెల్లే గదా. మూడేండ్ల కిందట చైనాలో సార్స్ జబ్బొచ్చె చూడండి, అప్పుడు అక్కడి సంతల్లో పునుగుపిల్లుల నెత్తురు తీసి పరీక్ష చేసిందంట. జతలో పనిచేసే ఆమె, తోడబుట్టిందాని మాదిరి, ఆ జబ్బుతోనే పాయ. ఒగసారి బండిలో చెప్పింది. చెప్పి కిటికీ దిక్కు తిరుక్కునింది. నేను రేడియో ఆపినా. ఇంకేం చేసేది సార్?

ఆ మరుసటేడు మన ల్యాబుకొచ్చె. డేగలు, ఒంటెలు, బాతులు... యాడ ఏది సచ్చిపోయినా పరిగెత్తేది. మళ్లా అట్లాంటి జబ్బు మనుషులకు రాకూడదని ఆయమ్మ పట్టుదల.

కల్బా తోటలో ఏం చూసినాం? బాతులు మెడలు వాల్చుకోని పడిండాయి. పక్కనే రేకుల గదిలో పనోళ్లు. ఒగనికి ఒళ్లు కాలిపోతాంది. పక్షుల్ని ముట్టుకోవద్దని చెప్పమని మేడమంటే, నేను హిందీలో చెప్పినా. వాడేమన్యాడో తెలుసా? 'ముట్టుకోకుంటే తోట యజమాని, మా అర్బాబ్ ఊరుకుంటాడా భాయ్?' అన్యాడు. నిజమే గదా సార్!

పరీక్షలో తేలె. పక్షుల జబ్బే, బర్డ్ ఫ్లూ. అన్నిట్నీ చంపాల, పనోళ్లకు మందియ్యాల అనె మేడమ్. తోట అర్బాబ్ భగ్గుమన్యాడు. ఆయన ముద్దుగా సాక్కునే డేగల్ని చంపమంటే ఒప్పుకుంటాడా? ఎవర్నడిగి నా గేటు దాటినారని ముదీర్ మీద పడె. ముదీర్ వణికిపాయ. నేరమంతా ఆయమ్మ నెత్తికి చుట్టె.

ఇప్పుడు ఆమె వీసా కేన్సిలంట. ఫ్రీజర్లో దాచుకున్న నెత్తురు శాంపిళ్లన్నీ కాల్చేయమన్నారంట. ఏండ్ల కష్టం సార్! ఇట్లాంటి పేరుతో పోతే ఇంగెవురు ఉద్యోగమిస్తారు ఆమెకు?

ఆ జరమొచ్చినోడు ఏమైనాడో? మేడమ్ రోజూ అడుగుతాంది. ఎవురూ చెప్పరు. మళ్లా పోతే గేటు కూడా తీయల్యా.

నిన్న మెట్లకాడ ఎదురొచ్చె. 'జిలానీ, నువ్వు విన్నావు గదా' అనె. అంతే. బతిమాల్లేదు. తిట్టినా బాగుండు సార్.

ఏంది సార్? నిజం చెప్తే నా వీసా కూడానా? ...మా ఇర్షాద్ ఏం చేసినాడు? వాడు మొన్న గదా వచ్చె, నా తమ్ముడైన పాపానికి వాన్నీ పంపిస్తారా? మా ఇద్దరికీ వీసా ఇచ్చిన కఫీల్ ఒగడే అయితే మాత్రం ఇంత అన్యాయమా?

మీరేం చేస్తార్లే సార్. మీకూ పైనోళ్లుండారు.

సరే, పదండి విచారణకు. ఫోనేం రాలేదని, మేడమే బలవంతంగా తీసుకుపోయిందని చెప్తా. ఆమె ఎదురుగానే చెప్పాల్నా? ...చెప్తాలే సార్.

ఒగటే అడుగుతా. ఆమెను ఎయిర్‌పోర్టులో దింపే పని ఇంకో డ్రైవర్‌కియ్యండి.

లేడా? ఎవురూ లేరా?

ఖలాస్ సార్. నేనే దింపుతా.