‘వద్దు’ పక్కన రాసిన కారణం

ఆదివారం పొద్దున, వ్యాసర్పాడిలో ఒక మేడ మీది గది. రైల్వేలో రిటైరైన తండ్రి పాత కంప్యూటరు ముందు కూతురు కూర్చుంది. ఆయన కుర్చీ జరుపుకుని పక్కకు చేరాడు.

“నాయనా, ఇంక నువ్వు కావాలి, వద్దు అని రాసిపెట్టుకున్న ఆ పొడుగు ఫైల్లో వెతుక్కునే పన్లేదు. ఏ ప్రోగ్రాములో ఏమేం చేర్చి కట్టాల్నో నేను చేసిపెట్టిన ఈ మెనూనే ఒక్కొక్కటి అడుగుతాది. కావాలంటే ఒకటి, వద్దంటే సున్నా నొక్కు.”

“ఇన్నేండ్లుగా ఈ కంప్యూటరుని నడిపే లినక్సు నేనే కట్టుకుంటుండా. ప్రతిదాని పక్కనా కారణం రాసుంటినే, చెరిపేస్తివా?”

“అయ్యో, లేదు. అదీ చూపిస్తాది. ప్రింటరు?”

“వద్దు. మనకాడ ఏడుంది?”

“నువ్వు రాసిందీ అదే. బ్లూటూత్?”

“వద్దు.”

“తెర మీది అక్షరాలు చదివి వినిపించే గొంతు?”

“దాన్ని దాటెయ్యి.”

“ఈడ నువ్వు రాసింది చదివేదా?”

“చదవబాక.”

“‘గొంతు వద్దు. పాప చదివి పెడతాది.’”

“అప్పుడు నువ్వు కాలేజీ. ఇప్పుడు పొద్దున్నే ఉద్యోగానికని షోళింగనల్లూరు పోతే చీకటి పడినాక వస్తావు. అలిసిపోయి వచ్చిన బిడ్డని చదవమని ఎట్లడిగేది? ఒకటి నొక్కు.”

“కండ్లు ఇంకా తగ్గినాయా నాయనా? నాకు చెప్పనే లేదే.”

“నొక్కమ్మా.”

“నొక్కినా. కట్టేదానికి రెండు గంటలు పడతాదంట.”

“సరి, అందాకా ఇట్నే కూర్చుంటా.”

“ఊరికే ఎందుకు? ఆ పేపరు ఇట్లియ్యి. ఏ పేజీ ముందు?”