అమెరికా పొగ, చైనా పొగ, మన మురుగు కాలవ

అధ్యక్షులవారికి, హెడ్మాస్టరుగారికి, పెద్దలకి, వెనకాల కూర్చుని అప్పుడే పకోడీల వాసన పట్టేసిన మిత్రులకి నమస్కారమండీ. లిడియా టీచరుగారికి మాత్రం రెండు నమస్కారాలు. ఒకటి నాది, ఒకటి మా మనవరాలు హుమాది. స్టేజీ ఎక్కవే అంటే అది సిగ్గుపడి నన్ను తోసింది. నేను చదివింది మూడో తరగతండీ. మోటార్లు బాగుచేసుకునే గౌసుని మైకు ముందు నిలబెట్టారు కాబట్టి, ఏం వాగినా తప్పు హెడ్మాస్టరుగారిదే. (నవ్వులు)

టీచరుగారు రిటైరై తాడేపల్లిగూడెం, చెల్లెలిగారింటికి వెళ్ళిపోతున్నారని అందరూ దండలేశారు. ఎందుకెళ్తున్నారో ఒక్కరూ చెప్పరేవండీ? చేపల చెరువుల నీళ్ళు పోయే మురుగు కాలవ పూడిపోయి, వానొస్తే ఆ నీళ్ళు మా పేటలోకి, అందరికంటే ముందు ఆవిడ ఇంట్లోకి వస్తాయి కాబట్టి. పోయినేడు మంచం మీద మంచం వేసుకుని కూర్చున్నారు పాపం, ఆ మోకాళ్ళతో.

ఎండాకాలంలో చెరువుల ఆసాములు ఎవరి వంతుకి వాళ్ళు మనుషుల్ని పెట్టి కాలవ తవ్వించడం మన ఊరి ఆనవాయితీ. నాలుగేళ్ళుగా పార పడలేదు. పాత ఆసామి సుందరరావుగారేమో, "ఇప్పుడు ఎక్కువ మురుగు వదిలేది గంగాధరం, వాణ్ణే తవ్వించమనండి" అంటారు. గంగాధరరావుగారేమో, "నేను నిన్నగాక మొన్న చెరువేశాను, అడుగున పేరుకున్న బురదంతా ఎవరిదండీ?" అంటారు.

మొన్న ఫిబ్రవరిలో టీచరుగారు బడి గోడ మీద రెండు దేశాలు ఏటా గాల్లోకి వదిలే పొగ లెక్క బొమ్మేశారు. పాతకాలంలో ఎర్రగీత కొండంత, నీలంగీత చారెడు. ఏళ్ళు గడిచేకొద్దీ నీలం పెరిగి పెరిగి, ఓ ఇరవయ్యేళ్ళ కిందట ఎరుపుని దాటేసింది. ఇన్నేళ్ళదీ కలిపి పైన పేరుకున్న పొగలో మాత్రం ఎరుపుదే పెద్ద వాటా. ఏది ఏ దేశమో పిల్లలు చెప్పాలని పేర్లు రాయలేదు. అంతే! ఆసాములిద్దరూ బడి మీదకొచ్చేశారు.

"మా చెరువుల్ని గోడకెక్కిస్తారా టీచరుగారూ?"

"ఆ ఎర్రది అమెరికా అండీ, సుందరరావుగారూ."

గంగాధరరావుగారు పకపకా నవ్వితే, "నవ్వకండి, తమరు చైనా" అన్నారావిడ. (చప్పట్లు)

తర్వాత ఆవిడే అన్నారు: "పాత లెక్కా నిజమే, కొత్త లెక్కా నిజమే. మరి మునిగేవాళ్ళ లెక్కో?" ఇద్దరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

వీళ్ళు చెడ్డవాళ్ళు కాదండీ. గంగాధరరావుగారి పిల్లలు ఇప్పుడిప్పుడే కడుపునిండా తింటున్నారు. చెరువు మూసెయ్యమని నేనెలా అంటాను? సుందరరావుగారి చెరువుల మీదే ఒకప్పుడు సగం ఊరు బతికింది, నేనూ బతికాను.

ఏవండీ, ఇద్దరూ ముందు వరసలోనే ఉన్నారు కదా. వానలకింకా నెలన్నరుంది. చెప్పండి.

ఏంటండీ సుందరరావుగారూ? గట్టిగా! "అడుగు బురద నాది" అంటున్నారండోయ్! గంగాధరరావుగారూ, తలూపితే వెనకాల వాళ్ళకి వినపడదు... "ఇక ఏటా చేరేదాంట్లో పెద్ద వంతు నాది" అంటున్నారు! (చప్పట్లు)

టీచరుగారూ, సామానుకి లారీ చెప్పేశారట. వెళ్ళద్దని నేననను, మాటలకీ మట్టికీ చాలా దూరం. ఈ ఒక్క వానాకాలం చూసి వెళ్ళండి. నీళ్ళు మీ గడప దాటితే, మీ సామాను నేనే నెత్తిన పెట్టుకుని లారీ ఎక్కిస్తాను. దాటకపోతే... మా హుమాకి సైన్సు ఇంకా సగమే వచ్చిందండీ.

ఓపిగ్గా విన్నారు, అందరికీ వందనాలు. పకోడీలు చల్లారిపోతున్నాయి, సెలవు.