నూనె ఉంది, గొట్టం నోటి దగ్గర లేదు

ఒరే అబ్బాయ్, నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. చదివింది ఐదో తరగతి, అదీ పలక మీదే ఎక్కువ. ఇవాళ ఫోన్లో నువ్వు "అత్తా, నాన్న ఇంజనులో ఆయిల్ పొయ్యడం మర్చిపోయి కాల్చేశాడటగా, పెదనాన్న రేపు దాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేస్తున్నాడు" అని నవ్వావు చూడు, నాకు ఒళ్ళు మండిపోయింది. మండినా నోరు పెగల్లేదు. మామూలుగానే నోట్లో నాలుక లేనిదాన్ని, కోపమొస్తే ఆ ఉన్న కాస్తా పోతుంది. అందుకే రాస్తున్నా. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

మర్చిపోయాడట! మీ నాన్న స్నానం మర్చిపోయేవాడు, ఒకసారి మీ అమ్మని పుట్టింటి నుంచి తీసుకురావడం మర్చిపోయాడు, పాపం ఆవిడ పెట్టె సర్దుకుని సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుంది, అదో పెద్ద కథలే. ఆయిల్ మాత్రం ఏనాడూ మర్చిపోలేదు. పాత కారు ఇంజనుకి తన చేత్తో టర్బో బిగించుకున్న మనిషి. టర్బో అంటే పొగ పోయే దారిలో గిర్రున తిరిగే చక్రంరా, ఇంజనులోకి గాలి ఎక్కువ తోస్తుంది, బండి ఉరుకుతుంది. కణకణ కాలుతూ తిరిగేదానికి ఒక్క క్షణం ఆయిల్ అందకపోతే అంతే సంగతులు. ఆ రోజు జోరుగా తోలుతున్నాడు, వంతెన దిగాక పెద్ద మలుపుందే, అక్కడ ఆయిల్ అందట్లేదని చెప్పే ఎర్ర దీపం బండిలో వెలిగింది, ఇంజను పట్టేసింది. తోసుకుంటూ తెచ్చాం, నేనూ తోశాను. షెడ్డులోకి రాగానే ఆయిల్ చూసే పుల్ల లాగి నా మొహం ముందు పెట్టాడు. "చూడవే, గీత దాకా ఉంది. మరెందుకు చచ్చింది?" నన్నడుగుతాడు! సరే, ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉంటుంది, ఆ ఆయిలంతా డబ్బాలోకి వంపేసి తొట్టి విప్పాడు. సరిగ్గా అప్పుడు దిగాడు మీ పెదనాన్న, ఇస్త్రీ ప్యాంటు రెండు వేళ్ళతో పైకి పట్టుకుని. ఖాళీ తొట్టిలోకి తొంగి చూసి "ఏరా మేధావీ, చుక్క లేదు, పొయ్యకుండానే తోలావా?" అన్నాడు. డబ్బా ఆయన కాలి పక్కనే ఉంది! కళ్ళుండి కబోది. నేను చెప్పబోతే "ఐదో తరగతిదానివి, నీకేం తెలుసే" అన్నాడు. వీధి చివరికి వెళ్ళేలోపు నలుగురికీ చెప్పేశాడు. ఆ నవ్వు ఇంకా ఆగలేదు. మీ నాన్న పోయిన రోజు కూడా, శవం ఇంట్లో ఉండగానే, "పాపం, మతిమరుపు మనిషి" అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, మీ నాన్నకి ఆ చారెడూ దక్కలేదు.

జరిగింది విను. మర్నాడు మీ నాన్న నా వంటింట్లోంచి పెద్ద పళ్ళెం ఎత్తుకొచ్చి, పక్కింటివాళ్ళ కారు అడిగి తెచ్చి, నన్ను ఎక్కించి, పళ్ళెం ఒళ్ళో పెట్టి ఆయిల్ పోశాడు. "కదలకు. ఎటు పోతుందో చెప్పు." మలుపు తిరిగాడో లేదో ఆయిలంతా ఒక పక్కకి లేచి నా మీదికి దూకింది. కొత్త బట్టలు! నేను తిడుతుంటే తను ఖాళీ పడ్డ పళ్ళెం మధ్యలో వేలు పెట్టి పిచ్చివాడిలా నవ్వుతాడు. "నూనె ఉందే! గొట్టం నోటి దగ్గర లేదు!" ఆయిల్ పీల్చే గొట్టం మధ్యలో, ఆయిలేమో ఒక వారకి. గొట్టం గాలి పీల్చింది. అప్పుడు తొట్టిలో గొట్టం చుట్టూ రేకు గోడలు కట్టాడు. వాటికి బుల్లి తలుపులు, లోపలికే తెరుచుకుంటాయి. ఆయిల్ వస్తుంది, పోదు. ఇంజను మళ్ళీ కట్టి అదే మలుపులో తోలితే ఎర్ర దీపం వెలగలేదురా. పక్కన నేనున్నాను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇవాళ పొద్దున్నే అదే పళ్ళెం, ఒక ఆయిల్ డబ్బా పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. పాత ఇనుము వాడు అప్పటికే తాడు విప్పుతున్నాడు, మీ పెదనాన్న పక్కన నిలబడి చూస్తున్నాడు. "అన్నయ్యా, నీ కొత్త కారులో నన్ను ఒక్క చుట్టు తిప్పవూ" అన్నాను. "మతి పోయిందటే" అంటూనే ఎక్కాడు, కారు చూపించుకోవడమంటే ప్రాణం కదా. డ్రైవరు తోలాడు. వంతెన దిగగానే పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టి నిండా పోశాను. "ఏంటే ఇది! ఏంటే!"

"కదలకు అన్నయ్యా. ఎటు పోతుందో చెప్పు."

మలుపొచ్చింది. ఇస్త్రీ ప్యాంటే వేసుకున్నాడులే.

తిరిగొచ్చాక ఆ పాత ఇనుము వాడి చేతే ఇంజను మా వరండాలో దింపించాను. తీసుకెళ్ళడానికి నువ్వొచ్చేటప్పుడు పాత బట్టలు వేసుకుని రా.